నొప్పి పుట్టినచోటనే మందు

బస్తరులోని గీదం ఒక కూడలి. ఒక రహదారి జగదల్‌పూర్‌కు పోతుంది. మరొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణ వైపు దిగుతుంది. కిరండూల్ రైలు తూర్పు కనుమల సొరంగాలు దాటి విశాఖపట్నం చేరుస్తుంది. క్యాన్సరు ముదిరిన మనిషికి ఈ దారులన్నీ దూరమే. ఎలాగో పెద్దాసుపత్రి చేరి, వైద్యుడు మార్ఫిన్ మాత్ర వ్రాసి ఇచ్చాక కూడా ఇంటివారిని ఒక భయం వెన్నాడుతుంది. ఇది నల్లమందు సారం గదా! ఇప్పుడే అలవాటుపడితే రేపు ఏ మందు పనిచేస్తుంది?

మార్ఫిన్ మెదడునూ వెన్నుపామునూ మాత్రమే జోకొడుతుందని చిరకాలం నమ్మారు. 1973లో నాడీకణాలపై దానికి తగిన గ్రాహకాలున్నాయని తేలింది. 1975లో అబర్డీన్‌లో హ్యూజ్, కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రజ్ఞులు శరీరం స్వయంగా తయారుచేసుకొనే మార్ఫిన్ వంటి పదార్థాలను కనుగొన్నారు. 1979లో బ్రెజిల్‌కు చెందిన సెర్జియో ఫెరీరా (రక్తపుపోటు మందుకు దారితీసిన పాము విషపు పరిశోధన ఈయనదే) ఎలుకల పాదంలోకి మార్ఫిన్ ఎక్కించి, అక్కడికక్కడే నొప్పి తగ్గడం చూపాడు. 1991లో జర్మన్ వైద్యుడు క్రిస్టోఫ్ స్టైన్ బృందం మోకాలి శస్త్రచికిత్స జరిగినవారి కీలులోనే ఒక్క మిల్లీగ్రాము మార్ఫిన్ ఉంచింది. అంతే మోతాదు రక్తనాళంలోకి ఎక్కించినవారికన్న వీరికి నొప్పి తక్కువగా ఉంది.

వెన్నుపాము పక్కనుండే నాడీముడులలో గ్రాహకాలు తయారై నరాల కొసలదాకా ప్రయాణిస్తాయి. వాపు వచ్చినచోట వాటి సంఖ్య పెరుగుతుంది. అక్కడ గుమిగూడే తెల్లకణాలు ఎండార్ఫిన్లను విడుదల చేస్తాయి. గాయం తన వైద్యం తానే కొంత చేసుకుంటుందన్నమాట.

మోతాదు పెంచితేగాని మందు పనిచేయని స్థితిని సహ్యత అంటారు. ఇది వ్యసనం కాదు. మందుకోసం మనసు వెంపర్లాడటం వేరు, కణం మొద్దుబారడం వేరు. 2008లో స్టైన్ బృందమే ఎలుకలలో ఒక వింత గమనించింది: దీర్ఘకాలం మార్ఫిన్ ఇచ్చినా వాపున్నచోట గ్రాహకాలు మొద్దుబారలేదు. స్థానికంగా ఊరే ఎండార్ఫిన్లు వాటిని కణం లోపలికి పంపి, పదును తగ్గకుండా మళ్లీ పైకి తెస్తున్నాయి. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు బాధను మోసే నాడీకణాలలో ఆ గ్రాహకాలను తొలగించిన ఎలుకలకు మార్ఫిన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది, సహ్యత రాలేదు. మెదడులోకి పోలేని విరుగుడు మందును మార్ఫిన్‌తో కలిపి ఇచ్చినా ఫలితం అదే. వాపున్నచోట సహ్యత రాదని ఒకరు, సహ్యతకు మూలం మెదడు వెలుపలి నాడులలోనే ఉందని మరొకరు! పైకి పొంతన లేనట్టున్నా, రెండూ వేలు చూపేది మెదడు వెలుపలికే.

రోగి పడక వద్ద తెలిసిన సంగతి ఇంకా సులభమైనది. క్యాన్సరు రోగికి మోతాదు పెరగవలసి వస్తే, సాధారణంగా కారణం వ్యాధి ముదరడమే.

మందసౌర్, నీమచ్ పొలాలలో ప్రభుత్వ అనుమతితోనే గసగసాల మొక్క పండుతుంది. 2000 వరకు బస్తరు కూడా ఆ మధ్యప్రదేశ్‌లోనిదే. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు లైసెన్సులకు జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. 2014 సవరణ ఆ ముడిని సడలించింది.

పేగులలోనూ ఇవే గ్రాహకాలు. మార్ఫిన్ మొదలుపెట్టినప్పటి మగత, వికారం కొద్దిరోజులలో సర్దుకుంటాయి. మలబద్ధకానికి మాత్రం శరీరం అలవాటుపడదు. అందుకే తెలిసిన వైద్యుడు మొదటి చీటీలోనే విరేచనానికి మందు కూడా వ్రాస్తాడు. మామూలు మార్ఫిన్ మాత్రను నొప్పి వచ్చేదాకా ఆగకుండా, గడియారం చూసి నాలుగు గంటలకొకసారి ఇమ్మంటాడు.