శ్రీశైలం కాలినడక: ఇంట్లోనే వదిలి వెళ్లాల్సిన చన్నీళ్ల భయం

మహాశివరాత్రికీ, ఉగాదికీ శ్రీశైలానికి కాలినడకన వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. శివరాత్రి నడకలో తెలుగు జిల్లాలవాళ్లు ఎక్కువ. ఉగాది నడక ప్రధానంగా కన్నడిగులది. భ్రమరాంబను తమ ఆడబిడ్డగా, మల్లన్నను అల్లుడిగా చూసుకునే ఉత్తర కర్ణాటక భక్తులు చీర, పసుపు కుంకుమలు పట్టుకుని మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. వీళ్లలో చాలామందికి చివరి మజిలీ నల్లమల అడవి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం దాటాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను వస్తాయి. ఆ లోయలోంచి మెట్లెక్కితే కైలాసద్వారం.

ఇంట్లో ఒకరు ఈ నడకకు మొక్కుకున్నారంటే నెల ముందు నుంచే అందరికీ పని. కొత్త చెప్పులు, తుండ్లు, టార్చిలైటు, అటుకులు, వేయించిన శనగలు, మందుల పొట్లం ఒక్కొక్కటిగా మూటలో చేరతాయి. వాటితో పాటు ఈ మధ్య ఒక భయం కూడా చేరుతోంది. మండుటెండలో చల్లటి నీళ్లు తాగితే సన్నటి రక్తనాళాలు చిట్లిపోతాయని, ఎండన పడి వచ్చి వెంటనే కాళ్లూ చేతులూ కడిగితే పక్షవాతం వస్తుందని, కనీసం అరగంట ఆగాలని ఒక సందేశం ఏటా ఎండలు ముదరగానే ఫోన్లలో తిరుగుతుంది. చెప్పింది ఎవరో డాక్టరట. ఏ డాక్టరో, ఏ ఆస్పత్రో ఎక్కడా ఉండదు. అయినా నాన్న నడకకు వెళ్తున్నాడంటే కూతురు దాన్ని ఆయనకు పంపుతుంది, కోడలు బిగ్గరగా చదివి వినిపిస్తుంది.

ప్రేమతోనే పంపుతారు. జరిగే హాని మాత్రం రెండు విధాలు. చలివేంద్రం దగ్గర కుండనీళ్లు అందుబాటులో ఉన్నా నడిచే మనిషి ‘ఒళ్లు చల్లారాక తాగుదాంలే’ అని దాహాన్ని వాయిదా వేస్తాడు. ఇంతకంటే ఘోరమైనది రెండోది. వడదెబ్బతో ఒకరు కూలబడితే, నీళ్లు కుమ్మరించాల్సిన చేతులను పక్కవాళ్లే పట్టుకుని ఆపుతారు. ప్రాణం నిలబెట్టే చికిత్సనే ప్రాణాంతకమని ఆ సందేశం వాళ్లకు నేర్పింది.

రక్తనాళాల సంగతి ముందు తేల్చుకోవాలి. చల్లటి నీళ్లు తగిలితే చర్మం కింది నాళాలు కొంచెం ముడుచుకుంటాయి. ముడుచుకోవడం వేరు, చిట్లడం వేరు. ఒంటికి చలి తగిలిన ప్రతిసారీ జరిగే మామూలు సర్దుబాటు అది. తాగిన నీళ్లు గొంతు దిగి కడుపు చేరేసరికే వేడెక్కడం మొదలవుతుంది. మెదడులోని నాళాలను చిట్లించే చలి వాటిలో ఉండదు. పక్షవాతానికి కారణాలు అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగుడు, గుండె లయ తప్పడం లాంటివి. కాళ్లు కడుక్కోవడం వాటిలో లేదు.

నడకలో ఒళ్లు ఎలా వేడెక్కుతుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. అరవై కిలోల మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 50 కిలోకాలరీల వేడి చాలు. గంటసేపు చురుగ్గా నడిస్తే దానికి నాలుగైదు రెట్ల వేడి పుడుతుంది. అదంతా లోపలే ఉండిపోతే గంటలోనే మనిషి ప్రాణాపాయంలో పడతాడు. గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి గాలిలోకి పోతుంది. మార్చి నెలాఖరుకు కర్నూలు, నంద్యాల ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే. లీటరు చెమట ఒంటి మీదే ఆరితే 580 కిలోకాలరీల వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన లీటరు నీళ్లు కడుపులో వేడెక్కుతూ గుంజుకునేది ముప్పై పైచిలుకు కిలోకాలరీలే. కాబట్టి చల్లటి నీళ్లు విషమూ కాదు, మంత్రజలమూ కాదు. కావలసింది చెమటగా మారడానికి తగినన్ని నీళ్లు. అవి చల్లగా ఉంటే మనిషి ఇంకాస్త ఎక్కువ తాగుతాడు, అంతే.

చన్నీళ్లు చంపుతాయన్న మాటకు జవాబు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది. అక్కడి ఫాల్మత్‌లో ఏటా ఆగస్టులో పదకొండు కిలోమీటర్ల పరుగు పందెం జరుగుతుంది. పద్దెనిమిదేళ్ల పందేల్లో వడదెబ్బ తగిలి వైద్య శిబిరానికి చేరిన 274 కేసుల వివరాలను వైద్యులు 2015లో ప్రచురించారు. వాళ్లను ఐసు కలిపిన నీళ్ల తొట్టెల్లో కూర్చోబెట్టారు. ఒక్కరూ చనిపోలేదు. ఆ సందేశమే నిజమైతే ఎండలో పరుగెత్తి 41 డిగ్రీలు దాటిన ఒళ్లను ఐసునీళ్లలో ముంచిన ఆ శిబిరాలు శవాలతో నిండాలి. శ్రమతో వచ్చే వడదెబ్బకు చన్నీళ్లలో ముంచడాన్ని మించిన చికిత్స ఈనాటికీ లేదు. ఎంత వేడి ఎక్కిందన్నదాని కంటే ఎంతసేపు అలాగే ఉందన్నది ముఖ్యం. పడిపోయిన అరగంట లోపు ఒళ్లు చల్లబడాలి. సందేశం ఆగమని చెప్పేది సరిగ్గా ఆ అరగంటే.

ఈ సందేశంలో ఒప్పుకోక తప్పని ముక్క ఒకటి ఉంది: నీళ్లు నెమ్మదిగా తాగాలన్నది. అందుకు వాళ్లు చెప్పే కారణం తప్పు, సలహాలో మాత్రం పస ఉంది. ఉత్త నీళ్లు గంటల తరబడి అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలై, ముదిరితే ఫిట్స్ వస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తగ్గినట్టు తేలింది. పందెం ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ, అంటే పోయిన చెమట కంటే ఎక్కువ నీళ్లు తాగినవాళ్లకు. ఎండలో నడిచేటప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున, గంటకు లీటరున్నర దాటకుండా తాగితే సరిపోతుంది. మధ్యమధ్య ఉప్పేసిన మజ్జిగ, అంబలి, భోజనంలో పచ్చడి ముద్ద ఉంటే ఉప్పు లోటూ తీరుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్టే. ముదురు రంగుకు తిరిగితే చాలలేదని అర్థం.

ఉప్పు మాట వచ్చింది కనుక ఓఆర్ఎస్ గురించి. దుకాణాల్లో డబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని కొని మూటలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. తియ్యటి డబ్బాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ఈ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడిగి, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి కొనాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపితే మేలు రెట్టింపు కాదు, దాహం ముదురుతుంది.

వడదెబ్బను గుర్తుపట్టడంలోనూ ఒక పొరపాటు పాతుకుపోయింది. చెమట ఆగిపోయి చర్మం పొడిబారితేనే వడదెబ్బ అంటారు. ఎండలో కదలకుండా ఉన్న ముసలివాళ్ల విషయంలో అది చాలాసార్లు నిజం. నడుస్తూ పడిపోయిన మనిషి ఒళ్లు చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బలో ఉండవచ్చు. చూడాల్సింది చెమటను కాదు, తెలివిని. మాట తడబడటం, నడక తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, కారణం లేని కోపం, తోటివాళ్ల పేర్లు మరిచిపోవడం కనిపిస్తే అది వడదెబ్బేనని తీర్మానించుకోవాలి. నీరసం, తలతిరుగుడు ఉన్నా తెలివి చక్కగా ఉంటే నీడ, నీళ్లు, విశ్రాంతితో కోలుకుంటాడు. మధుమేహం ఉన్న మనిషైతే చక్కెర పడిపోయినా ఇలాగే తికమకపడతాడు, కాబట్టి ఒకపక్క ఒళ్లు చల్లబరుస్తూనే గ్లూకోమీటరు ఉంటే చూడాలి.

తెలివి తప్పుతున్న మనిషిని ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బండెక్కించాలి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు పని మొదలుపెట్టాలి. నడక బృందాల దగ్గర రాత్రి పరుచుకునే టార్పాలిన్ పట్టా ఎలాగూ ఉంటుంది. మనిషిని చొక్కా విప్పి దాని మధ్యలో పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టె. అందులో దొరికిన నీళ్లన్నీ పోసి, ఐసు దొరికితే అదీ వేసి, నీళ్లను ఒంటికేసి కదుపుతూ ఉండాలి. దారి పక్కన బోరు మోటారు నడుస్తుంటే పైపు ఒంటి మీదికి తిప్పవచ్చు. పశువుల నీళ్లతొట్టి ఉంటే చంకల కింద చేతులేసి పట్టుకుని, తల పైకి ఉండేలా అందులో కూర్చోబెట్టవచ్చు. నీళ్లు తక్కువున్నా, మనిషికి గుండెజబ్బు ఉన్నా పంచె తడిపి ఒళ్లంతా కప్పి, కండువాలతో గట్టిగా విసరాలి. వేడెక్కిన బట్టను మళ్లీ మళ్లీ తడపాలి. ఐసుముక్కలు కొన్నే ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. వణుకు మొదలై మాట తెలివిలోకి వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఒక్క చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ ఇవ్వడం దండగ. జ్వరం తగ్గించే ఆ మాత్రకు వడదెబ్బ వేడి లొంగదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయం మీద భారం. ఉల్లిరసం అరికాళ్లకు రుద్దడం, జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం వల్ల పోయేది విలువైన సమయం.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. నడకకు కొత్త చెప్పులు మంచివన్నది తప్పు, నెల రోజులు వాడి పాదానికి అలవాటైనవే మంచివి. బొబ్బలోకి సూదితో దారం ఎక్కించి వదిలేయడం చీముకు దారి వేయడమే. వీలైతే బొబ్బను చితకకుండా శుభ్రంగా కడిగి, రాపిడి తగలకుండా ప్లాస్టరు వేయాలి. కూల్‌డ్రింకులు నీళ్లకు బదులు కావు. భక్తి ఉంటే సాధన అక్కర్లేదనే మాట మొక్కు చెల్లించేవాళ్ల మోకాళ్లకు అన్యాయం చేస్తుంది. చెప్పుల్లేకుండా నడవాలన్న మొక్కును ఎవరూ కాదనరు కానీ మధుమేహంతో అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు అది పుండ్లు తెచ్చి, చివరికి పాదానికే ముప్పు కావచ్చు. అలాంటివాళ్ల మొక్కును మరో రూపంలోకి మార్చమని ఇంటి పెద్దలే చెప్పాలి.

ఇంటివాళ్లు నిజంగా చేయగల సాయం బయల్దేరే రోజు కంటే చాలా ముందు మొదలవుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చెమట త్వరగా పడుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, నెత్తురు పరిమాణం పెరుగుతుంది. ఏసీ గదిలో పనిచేసే మనిషి నేరుగా మార్చి ఎండలోకి దిగితే ఈ సర్దుబాటుకు వ్యవధి ఉండదు. అందుకని నెల ముందు నుంచి పొద్దున నడక మొదలుపెట్టి, చివరి రెండు వారాలు కాస్త ఎండెక్కాక, మోయబోయే సంచితోనే నడవాలి. ఇంట్లో ఒకరు తోడుగా నడిస్తే సాధన ఆగదు, మనిషి ఎక్కడ అలసిపోతున్నాడో కూడా తెలుస్తుంది.

మూడు నాలుగు వారాల ముందే డాక్టరును కలవాలి. రక్తపోటుకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువ పోయించేవి, గుండె వేగాన్ని తగ్గించేవి ఎండలో ఇబ్బంది పెడతాయి. రోజంతా నడిస్తే చక్కెర మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు. ఈ మార్పులు డాక్టరు చేయాల్సినవి, నడకలో పక్కవాడు చెప్పేవి కావు. ఇన్సులిన్ వేడికి పాడవుతుంది. దాన్ని తడిగుడ్డ చుట్టిన పెట్టెలో, సంచి మధ్యలో, ఎండ తగలకుండా తీసుకెళ్లాలి.

నడక వేళలు ముందే కాగితం మీద రాసుకోవడం మేలు. తెల్లవారుజామున బయల్దేరి పదకొండు లోపు నీడ చేరడం, నాలుగు దాటాక మళ్లీ కదలడం. అడవిలో రాత్రి నడక వేరు సంగతి. నల్లమల పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన దారిలో, గుంపుతోనే నడవాలి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పేరు, ఇంటి ఫోన్ నంబరు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచాలి. అలాంటి చీటీ ఒకటి తోటి నడకరి దగ్గరా ఉండాలి. పడిపోతే నీళ్లు పోయడానికి జంకవద్దని ఆ తోటి మనిషికి ఇంటివాళ్లే ముఖాముఖి చెప్పి, టార్పాలిన్ ఎలా పట్టుకోవాలో ఒకసారి వాకిట్లో పట్టి చూపించాలి.