రోజుకు ₹27తో బడికి

పొద్దున ఎనిమిదింబావుకు మండల కేంద్రానికి వెళ్లే ఏ రోడ్డు మీద నిలబడ్డా ఆ ఆటో కనిపిస్తుంది. పక్కన కొక్కేలకు వేలాడే బ్యాగులు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు అంచు మీద కూర్చున్న పిల్లలు, వెనక సీటుకు ఎదురుగా వేయించిన చెక్క మీద ఇంకో నలుగురు. నిజానికి అది ముగ్గురు ఎక్కాల్సిన బండి. డ్రైవర్ని తిట్టుకుని మన దారిన మనం పోతాం. తిట్టే ముందు ఒక్కసారి లెక్క చూడమంటాను.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి వరకు 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. లేని చోట పిల్లల్ని బడికి చేర్చే ఏర్పాటు ప్రభుత్వమే చూడాలి. అందుకు సమగ్ర శిక్ష కింద ఒక్కొక్కరికి ఏడాదికి ₹6,000 వరకు ఇవ్వొచ్చు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బడి 220 రోజులు నడవాలి. అంటే రోజుకు ₹27, అదీ రానూపోనూ కలిపి.

బడికి 4 కిలోమీటర్ల దూరంలో ఒక తండా ఉందనుకుందాం. ఆటో పొద్దున పిల్లల్ని దించి ఖాళీగా వెనక్కి రావాలి, సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకురావాలి. మొత్తం 16 కిలోమీటర్లు. లీటరుకు 25 కిలోమీటర్లు, లీటరు ₹100 వేసుకున్నా డీజిలుకే ₹64. ముగ్గురినే ఎక్కిస్తే చేతికొచ్చేది ₹82. రెండు పూటలా కష్టపడితే మిగిలేది ₹18! పదిమందిని ఎక్కిస్తే ₹270 దాటుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ అదనంగా ఎక్కించిన ఒక్కో మనిషికి ₹200 జరిమానా పెట్టింది. జరిమానా కట్టినా మర్నాటి లెక్క మాత్రం మారదు.

3 కిలోమీటర్ల లోపు ఉన్న పిల్లలకు ఈ డబ్బూ రాదు, నడకే గతి. 3 కిలోమీటర్లు నడవడానికి ఆరో తరగతి పిల్లకు ముప్పావు గంట పడుతుంది. రోజుకు గంటన్నర, ఏడాదికి 330 గంటలు. ఆ తరగతికి చట్టం చెప్పిన బోధన సమయం 1,000 గంటలు. మూడు గంటల పాఠానికి ఒక గంట దారిలోనే పోతోంది. వానాకాలం వాగు పొంగితే ఆ రోజుకు బడే లేదు.

దూరం తగ్గిస్తే ఏమవుతుందో బీహార్ చూపించింది. అక్కడ 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోమని ₹2,000 ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్క తీస్తే హైస్కూలు చదువుల్లో అమ్మాయిల చేరిక 32 శాతం పెరిగిందని తేలింది. ఆ పెరుగుదల ముఖ్యంగా బడి 3 కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్లలోనే కనిపించింది.

దూరం ఒక్కటే కాదు, దారిలో ప్రమాదమూ ఉంది. మాసాయిపేటను ఎలా మరిచిపోతాం? 2014 జులై 24న కాపలా లేని రైలు గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొట్టింది. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో! బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి 31 నాటికి లేకుండా పోయాయి. పట్టుదల ఉంటే ప్రమాదాన్ని మూలంలోనే తీసేయొచ్చు.

ఆటోల విషయంలోనూ అదే చేయాలి. తలకింత అని కాకుండా దారికో బండి అని డబ్బు లెక్కగట్టాలి. ఇరుగుపొరుగు తండాల పిల్లలు ఇరవైమంది ఉంటే ఏడాదికి ₹1,20,000 ఒక్కచోటికి వస్తుంది. ఇక ఆడపిల్లలకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో టికెట్ లేదు. తొమ్మిదింటి బడికి తొమ్మిదిన్నరకు వచ్చే బస్సు ఉచితమైతే మాత్రం ఏం లాభం? సర్పంచి, హెడ్మాస్టరు కలిసి మే నెలలోనే, బడి తెరవకముందే డిపోకు వెళ్లాలి. ఎనిమిదింబావుకు ఒక బస్సు అడగాలి.