నీడ తొలగినప్పుడు డయోడుకు వచ్చే ప్రమాదము

అనంతపురము సీమలో సాలుకు కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వానకు కరవేగాని ఈ పీఠభూమిలో ఎండకు కరవు లేదు. 2016 లో ఎన్.టి.పి.సి. సంస్థ నంబులపూలకుంటలో 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమును నెలకొల్పినది. 2022 నుండి ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

72 ఘటముల సౌరఫలకము వెనుక సాధారణముగా మూడు డయోడులుంటాయి. ఒక్కొక్కటి 24 ఘటములకు కాపు. ఒక ఘటముపై నీడ పడితే అది ప్రవాహమునకు అడ్డుపడి కాలిపోవచ్చును. అప్పుడు డయోడు ప్రవాహమునకు ప్రక్కదారి ఇస్తుంది. ఆ పనిలో తానే వేడెక్కుతుంది.

ఎంత వేడెక్కుతుంది? 9 ఆంపియర్ల ప్రవాహము, డయోడుపై 0.5 వోల్టు అనుకొందాము. ఉత్పత్తి అయ్యే వేడి 4.5 వాట్లు. వాటుకు 20 డిగ్రీల చొప్పున 90 డిగ్రీలు. పెట్టెలోని గాలి 45 డిగ్రీలైతే మొత్తము 135. కాని వేడెక్కిన కొద్దీ డయోడు వోల్టేజి తగ్గుతుంది. 25 డిగ్రీలకు పైన డిగ్రీకి ఒక మిల్లీవోల్టు తగ్గితే, ఉష్ణోగ్రత 118 వద్దనే నిలకడ చెందుతుంది. ఇక్కడ వేడియే వేడికి కళ్ళెము.

నీడ తొలగగానే కథ మారుతుంది. 24 ఘటముల వోల్టేజి, సుమారు 12 వోల్టులు, వేడిగానున్న డయోడుపై ఎదురు దిశలో పడుతుంది. ఎదురు దిశలో కారే స్వల్ప ప్రవాహము ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపగును. 25 డిగ్రీల వద్ద అది 0.1 మిల్లీఆంపియరైతే, 118 వద్ద 63, వేడి 0.76 వాటు. ఇది 15 డిగ్రీల పెరుగుదలనే నిలుపగలదు. కనుక డయోడు చల్లారుతుంది. మొదట 1 మిల్లీఆంపియరైతే వేడి 7.6 వాట్లు, ఉష్ణోగ్రత 196 కు పరుగెత్తుతుంది. దారిలో ప్రవాహము ఇంకా పెరుగుతుంది. వేడి వేడిని పెంచి, డయోడు నాశనమగును. నీడలో రెండు డయోడులూ ఒకే విధముగా కనిపించినవి సుమా!

దీనిని కంప్యూటరులో ముందే చూడవచ్చును. 1973 లో బర్క్‌లీ విశ్వవిద్యాలయములో వెలువడిన స్పైస్ సంతతికి చెందిన ఎన్‌జి-స్పైస్ అందరికీ ఉచితము. ఉపాయము సులభము: వేడిని కూడ ఒక విద్యుద్వలయముగా గీయాలి. వాట్లకు ఆంపియర్లు, ఉష్ణోగ్రతకు వోల్టులు, ఉష్ణనిరోధమునకు రెసిస్టరు, ఉష్ణధారణకు కండెన్సరు. రెండింటికీ సమీకరణము ఒక్కటే. ఈ వలయములోని ఉష్ణోగ్రతను డయోడుకు తిరిగి అందించాలి. స్థిరమైన ఉష్ణోగ్రతతో లెక్కించితే ఈ ప్రమాదము కనబడనే కనబడదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఆ 0.1 ను 1 గా మార్చి చూపితే, విద్యార్థులకు నిలకడకు, నాశనమునకు మధ్య భేదము కంటికి కట్టినట్లుంటుంది.