పుస్తకాల వయసులో పుస్తెల తాడు

గుమ్మఘట్ట: జూన్‌లో బడి తెరిచిన రోజున ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తాడు. ఆడపిల్లల వరుసలో ఒకటి రెండు పేర్లకు బదులు రాదు. "దానికి పెండ్లయిపాయ సార్" అని వెనుక బెంచీ నుంచి ఎవరో అంటారు. అప్పటికి ఆ పిల్ల మెడలో పసుపుతాడు పడి నెల దాటి ఉంటుంది.

కర్ణాటకను ఆనుకుని ఉన్న ఈ కరువు పల్లెల్లో బాల్యవివాహం చదువుకు గండి కొట్టే తీరు చాలావరకు ఇదే. బడి నడిచే రోజుల్లో పిల్ల వారం రాకపోతే అయ్యవారు ఆరా తీస్తారు, తోటి పిల్లలు చెవులు కొరుక్కుంటారు. వైశాఖ మాసపు ముహూర్తాలు వేసవి సెలవుల్లో పడతాయి. అప్పుడు అడిగేవారెవరు?

తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ లేదనడం సరికాదు. వారి లెక్క వారికుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉన్నా, వేదవతికి పైనుంచి నీరు వస్తేనే దానికి కళ. వేరుశనగ ఎండితే బెంగళూరు బస్సెక్కక తప్పదు. ఈడు వచ్చిన పిల్లను అవ్వ దగ్గర వదిలిపోవాలంటే భయం, కూలి గుడిసెలకు తీసుకుపోవాలన్నా భయమే. పదో తరగతి దాటితే అంతకు మించి చదివిన వరుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుంది. మేనమామకు ఇస్తే ఆ బాధ లేదు. అక్క పెండ్లి పందిట్లోనే చెల్లెలి పెండ్లి కూడా చేస్తే ఒక ఖర్చు కలిసివస్తుంది. ఇన్ని లెక్కల్లో పిల్ల మార్కుల లెక్క ఎవరికీ గుర్తురాదు. కరువు మగపిల్లవాడికీ ఉన్నదే, వాడి పెండ్లితో బరువు దిగుతుందని మాత్రం ఎవరూ అనరు.

"మేం చేసుకోలేదా?" అని అవ్వలు అడుగుతారు. వారి మాటలో కొంత నిజముంది. 1978 దాకా చట్టమే పదిహేనేళ్ళు నిండితే చాలంది. ఆ ఏడు సవరణతో ఆడపిల్లకు 18, మగవాడికి 21 ఏళ్ళు అయ్యాయి. 2006 నాటి చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించిన వారికి, పురోహితునితో సహా, రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లయినట్లు తేలింది. దేశం మొత్తం మీద అది 23.

వలసపోయే కుటుంబాల ఆడపిల్లలకు కస్తూర్బా బాలికా విద్యాలయాలు పెద్ద ఆసరా. 2004లో మొదలైన ఈ బడుల్లో ఆరో తరగతి నుంచి తిండి, పడక, చదువు అన్నీ ఒకచోటే. తల్లి బెంగళూరులో ఇటుకలు మోస్తున్నా బిడ్డ గురించి దిగులుండదు. అయితే వాటికీ వేసవి సెలవులుంటాయి. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిన పిల్ల జూన్‌లో తిరిగి వస్తుందా అన్నది అక్కడి అయ్యవార్లకూ ప్రశ్నే.

సంబంధం మాటలు మొదలైనప్పుడే ఎవరైనా 1098కి ఫోను చేయవచ్చు, ఆ పిల్లే చేయవచ్చు. పందిరి వేశాక వస్తే పెద్దలు కాగితం మీద సంతకం పెట్టి, మరో వారానికి మరో ఊరి గుడిలో తాళి కట్టించడం కొత్తేమీ కాదు.

ఇక పెండ్లి జరిగిపోయిన పిల్ల సంగతి. చిన్నతనంలో జరిగిన పెండ్లి వద్దనుకుంటే ఇరవై ఏళ్ళు నిండేలోగా ఆమె కోర్టుకు వెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. కాపురం చేసుకుంటూ చదువుతానన్నా ఏ చట్టమూ కాదనదు. పద్నాలుగేళ్ళు నిండితే ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అందుకు పుట్టిన తేదీ చూపే కాగితం కావాలి. చాలామంది పిల్లల విషయంలో ఆ కాగితం ఇంకా పాత బడి బీరువాలోనే ఉంటుంది.