పెళ్లి డీవీడీలు కంప్యూటర్‌లోకి: ఏ పద్ధతి ఎప్పుడు?

ఇవాళ్టి టాపిక్, మన బీరువాల్లో పడి ఉన్న పెళ్లి డీవీడీలు. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

మా అక్క పెళ్లి 2009లో. రెండు డీవీడీలు ఇచ్చారు. బీటెక్ సెకండియర్‌లో వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించా. చోటు లేదని ఒక్కోదాన్నీ 600 ఎంబీకి కుదించేశా. అసలు డిస్క్ ఉంది కదా అన్న ధైర్యం. ఈమధ్య పెద్ద టీవీలో పెడితే మొహాలన్నీ మసక, ఎవరు చెయ్యి కదిపినా అడ్డగీతలు. సరే మళ్లీ చేద్దామని డిస్క్ పెడితే, రెండోది అప్పగింతల దగ్గర ఆగిపోయింది. అక్కడ పాడుతున్నది మా నానమ్మ. ఆవిడ ఇప్పుడు లేరు.

ఎందుకిలా అయింది? షాపులో కొనే సినిమా డిస్క్ అచ్చు వేసినది. స్టూడియోవాళ్లు రాసిచ్చే డీవీడీలో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఎండకీ, వేడికీ, తేమకీ అది పాడవుతుంది.

ఇప్పుడు పద్ధతులు. మూడున్నాయి.

ఒకటి, ఐఎస్ఓ ఇమేజ్. డిస్క్ మొత్తానికీ ఉన్నదున్నట్టు నకలు, మెనూతో సహా. మామూలు డిస్క్ అయితే 4.7 జీబీ వరకు, రెండు పొరలదైతే 8.5 జీబీ వరకు చోటు పడుతుంది. వీఎల్‌సీలో నేరుగా ఆడుతుంది.

రెండు, మేక్ఎంకేవీ. వీడియోని ముట్టుకోకుండా ఒకే ఎంకేవీ ఫైల్‌లో పెడుతుంది. క్వాలిటీ తగ్గదు, మెనూ మాత్రం పోతుంది.

మూడు, హ్యాండ్‌బ్రేక్. వీడియోని హెచ్.264 లాంటి ఫార్మాట్‌లోకి మళ్లీ తయారుచేస్తుంది. సైజు బాగా తగ్గుతుంది, వాట్సాప్ గ్రూపుల్లో పంచుకోవడానికి సులువు. కానీ ఇందులో పోయిన క్వాలిటీ తిరిగి రాదు. నాకొచ్చిన అడ్డగీతలు ఇంటర్‌లేసింగ్ వల్ల. డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టి ఉంటే పోయేవి.

మరి ఏది మంచిది? నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. ముందు ఏది, తర్వాత ఏది అని అడగాలి. డిస్క్ చదవగలిగినంత కాలమే మీకు టైముంది. కాబట్టి ముందు ఐఎస్ఓ తీసి రెండు చోట్ల దాచండి. చివరిదాకా ఆడిస్తే నకలు సరిగ్గా వచ్చిందో లేదో తెలుస్తుంది. కుదించడం ఆ నకలు మీద ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, నేను చెప్పేది మన సొంత డిస్కుల గురించే. సినిమా డిస్కులకు కాపీ లాక్, కాపీరైట్ గొడవలు వేరే.

డిస్క్ ఇప్పటికే మొరాయిస్తోందా? లైనక్స్‌లో డీడీ రెస్క్యూ వాడండి. అది బాగున్న భాగాల్ని ముందు లాగేసి, చెడ్డ చోట్లకి తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో ఆపి, డ్రైవ్ మార్చి కూడా కొనసాగించొచ్చు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదివిన సందర్భాలు ఉంటాయి.

నేనూ అదే చేశా. రెండు రాత్రులు, రెండు డ్రైవ్‌లు. నానమ్మ పాట వచ్చింది, కానీ మధ్యలో ఒక చరణం తెగిపోయింది. అది ఇక రాదు. నాన్న మాత్రం తెగిన చోట తనే పాడేసి, మిగతాది వింటున్నారు.

ఈ ఆదివారం మీ బీరువా తెరవండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.