ఏకతత్త్వవాదము - అద్వైతము : ఒక పదవిచారము

పాశ్చాత్యుల 'మోనిజమ్' అను పదమునకు మన వ్యాసములందు 'అద్వైతము' అని వ్రాయు వాడుక కలదు. విద్యార్థుల రచనలను దిద్దునపుడు మేమును చిరకాలము దీని నుపేక్షించితిమి. ఈ సామ్య మెంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

18వ శతాబ్దమున జర్మన్ తాత్త్వికుడు క్రిస్టియన్ వోల్ఫ్ ఈ పదమును వాడెను. ఒకే జాతి పదార్థము నంగీకరించువారందఱు నాతని లెక్కలో ఏకతత్త్వవాదులే. సర్వము చిత్తమే యనువాడును, సర్వము జడమే యనువాడును ఒకే పంక్తిని చేరుదురు. అణువు లసంఖ్యాకములైనను, అన్నియు జడములే యైనచో చాలును. శంకరుల యద్వైతమున కీ వెసులుబాటు లేదు. చెట్టునకు తన యాకులు పూవులతో స్వగతభేదము, వేఱొక చెట్టుతో సజాతీయభేదము, ఱాతితో విజాతీయభేదము కలవని పంచదశి వివరించినది. బ్రహ్మమునం దీ మూడును లేవు. వోల్ఫు నిర్వచనము తొలగించినది విజాతీయభేదము నొక్కదానినే.

ఈ పదము ఉద్యమముగా మాఱిన తీరు మఱింత విచిత్రము. జంతుశాస్త్రజ్ఞుడైన ఎర్నెస్ట్ హెకెల్ 1899లో ప్రకటించిన 'విశ్వప్రహేళికలు' అను గ్రంథమున ద్రవ్యనిత్యత్వ, శక్తినిత్యత్వ సూత్రములను ఏకము చేసి, స్పినోజా మార్గమున దేవుడును ప్రకృతియు నొకటే యని వాదించెను. 1906లో యేనా నగరమున జర్మన్ ఏకతత్త్వవాద సంఘము వెలసెను. 1911లో దాని కధ్యక్షుడైన విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్, 1909లో నోబెల్ బహుమతి నందిన రసాయనశాస్త్రజ్ఞుడు. చర్చి ప్రసంగములకు పోటీగా నీతడు ఏకతత్త్వవాదుల ఆదివార ప్రసంగములను ప్రకటించెను! హెకెల్‌కు ద్రవ్యమును శక్తియు ఒకే పదార్థముయొక్క లక్షణములు. ఆస్ట్‌వాల్డ్‌కు శక్తి యొక్కటియే సత్యము. ఆ 'ఒకటి' యేదన్న విషయమున నాయకులకే యేకాభిప్రాయము లేదు. వారిని కలిపినది తత్త్వనిర్ణయము కాదు, మతాధికారముపై గల వైముఖ్యమని మా యభిప్రాయము. విశ్వమంతయు నొకే తత్త్వమని బోధించిన యీ యిరువురును 1914లో తమ దేశపు యుద్ధమును సమర్థించిన 93 మంది పండితుల ప్రకటనపై సంతకము చేసిరి. 1933లో, నాజీ పాలనమున, సంఘము రద్దయ్యెను.

హెకెల్‌ను 'అద్వైతి' యన్నచో పాఠకుడు జగన్మిథ్యాత్వమును, మోక్షమును వెదకును. అవి యచట లేవు. కావున మేము 'ఏకతత్త్వవాదము' అనియే వాడుచున్నాము. ఆంగ్లతాత్త్వికుడు బ్రాడ్లీ మాట వేఱు. 1893 నాటి తన గ్రంథమున నాతడు సంబంధములన్నియు ఆభాసములే యని తేల్చెను. అచట అద్వైతశబ్ద మంత దూరము కాదు. అయినను ఆ యాభాసములు పరతత్త్వమునందే యెటులో ఇమిడియుండునని యాతని మతము. స్వగతభేద ప్రశ్న యచట మరల తలయెత్తును.