అందరి ముందు సబ్బాతు తప్పితే?

మా కుల్చారంలో శనివారం ఒక్కపొద్దు ఉండి మధ్యలో తింటే ఎవరూ అడగరు. యూదులకు అట్ల కాదు. శుక్రవారం పొద్దుగూకిన కాడ్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా పని బంద్. అదే సబ్బాతు.

మన తెలుగు యూదులు కూడా ఉన్నారు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో. బెనె ఎఫ్రాయిం అంటారు. చాలామంది కూలి చేసుకునేవాళ్లే. మరి శనివారం కూలికి పోతే?

రూల్ చాలా కఠినం. పదిమంది యూదులకు తెలిసేలా సబ్బాతు తప్పినవాణ్ణి తల్మూద్ విగ్రహారాధకుడితో సమానం చేసింది. వాడు కోసిన మాంసం తినరు. ఆ లెక్కనే ప్రార్థనకు కావాల్సిన పదిమందిలో కూడా లెక్కపెట్టొద్దన్నారు తర్వాతి పండితులు. యూదుడు యూదుడే, కానీ లాగిన్ ఉంటది, యాక్సెస్ ఉండదు! ఎందుకంటే, దేవుడు లోకాన్ని సృష్టించాడనడానికి సబ్బాతు సాక్ష్యం. అందరి ముందు తప్పితే ఆ సాక్ష్యాన్నే కాదన్నట్టు.

అదే తల్మూద్‌లో ఇంకో కథ. ఒకాయన సబ్బాతునాడు వేసుకోకూడని నగతో బయటికొచ్చి, రబ్బీ యెహూదా నెసియా కనపడంగనే దాచుకున్నాడు. అట్ల సిగ్గుపడ్డవాడు ఈ లెక్కలోకి రాడని రబ్బీ తీర్పు. నాకైతే ఇదే అసలు పాయింట్.

19వ శతాబ్దంలో జర్మన్ రబ్బీ యాకోబ్ ఎట్లింగర్ ఇంకో అడుగు వేశాడు. సబ్బాతు ప్రార్థన చేసి, ఆ తర్వాత పనికి పోయేవాడు సృష్టికర్తను కాదంటున్నట్టు ఎట్లయితది అన్నాడు.

ఇంతకీ మన కొత్తరెడ్డిపాలెం కూలీ? ఈ శిక్ష యూదులకే. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు వీళ్లను ఇంకా యూదులుగా ఒప్పుకోలేదు. పదిమందిలోంచి తీసేయడానికి, ముందు ఆ పదిమందిలో చోటివ్వాలె కదా.